మందుల షాపులో ఫార్మసిస్టు ఉండేలా చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక చిన్న ఊళ్లో మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టుని. మా దగ్గరికి డాక్టరు చీటీతో వచ్చేవాళ్లకంటే, "ఒళ్లు వెచ్చగా ఉంది, ఏదైనా మాత్ర ఇవ్వండి" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేను, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే.

మొన్న ఒక పెద్దాయన జ్వరానికి డోలో 650 (650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర) రోజుకు నాలుగు వేసుకుంటూ, ముక్కు కారుతోందని జలుబు మాత్ర కూడా ఇమ్మన్నారు. ఆ జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ 500 ఉంది, మూడు పూటలా వేసుకుంటే అన్నీ కలిపి 4100 మిల్లీగ్రాములు అవుతుంది. పెద్దవాళ్లకైనా రోజుకు 4000 దాటితే లివర్‌కి ప్రమాదం. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటేనని ఆయనకెలా తెలుస్తుంది? "ఇంకేం మందులు వాడుతున్నారు బాబాయ్" అని అడిగితే బీపీ ఉందని కూడా చెప్పారు. ముక్కుదిబ్బడ మందులు కొన్ని బీపీని పెంచుతాయి. అందుకే ఆ మాత్ర ఇవ్వలేదు. డోలో కూడా జ్వరం ఉంటేనే వేసుకోమని, ఆవిరి పట్టమని చెప్పి, ముక్కులో వేసుకునే సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు ఇచ్చి, మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లమని పంపాను. దీనికి పట్టింది ఐదు నిమిషాలే.

మందు ఎలా వాడాలో, ఎలా దాచుకోవాలో, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో ఫార్మసిస్టు చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. కానీ చాలా షాపుల్లో ఎవరో ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకు తెచ్చి గోడకు తగిలిస్తారు, కౌంటర్లో మాత్రం పది చదివిన కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదండీ, అతనికి ఎవరూ నేర్పలేదు. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి డైక్లోఫెనాక్ కొనుక్కునే అమ్మమ్మకు, కిడ్నీలు పాడవుతాయమ్మా అని చెప్పేవాళ్లు అక్కడ లేరు.

అందుకే అడుగుతున్నాను. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చినప్పుడు గోడ మీది సర్టిఫికెట్ చూసి వెళ్లిపోకుండా, ఆ పేరున్న మనిషి ఎక్కడని అడగమనండి. ఎప్పుడు, ఎన్ని, తినకముందా తిన్నాకా అన్నది మందుల కవరు మీద తెలుగులో రాసివ్వడం తప్పనిసరి చేయండి. చదువురాని వాళ్లకు నేను కవరు మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇస్తున్నాను. ఆ బొమ్మలున్న కవర్లు మీ శాఖే అచ్చువేసి అన్ని షాపులకూ పంపితే చాలా మేలు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు