వోల్టేజీ తగ్గితే హీటరు ఎక్కువ లాగదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పాఠకుల సందేహాలకు ఇచ్చిన జవాబుల్లో ఒకచోట, వోల్టేజీ తగ్గితే ఏ వస్తువైనా కరెంటు ఎక్కువ లాగుతుందని, 1000 వాట్ల హీటర్ రాడ్ 180 వోల్టుల దగ్గర అయిదున్నర ఆంపియర్లు తీసుకుంటుందని రాశారు. అది తప్పు. నేను పర్లాకిమిడిలో 22 ఏళ్లుగా మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. మర్నాడే షాపుకొచ్చిన ఇద్దరు ఆ మాటే నాకు చెప్పారు, పేపర్లో పడింది కదా అని. అందుకే ఈ ఉత్తరం.

జవాబు రాసినవారు 1000ని 180తో భాగించేశారు. రాడ్ మీద రాసిన వాట్లు ఎక్కడైనా అవే ఉంటాయనుకున్నారు. హీటరులో మారనిది వాట్లు కాదు, కాయిల్ నిరోధం, అంటే కరెంటుకి తీగ అడ్డుపడే గుణం. దాన్ని ఓముల్లో కొలుస్తాం. ఆ 1000 వాట్లు 230 వోల్టులకు రాసినవి. 230ని 230తో గుణించి 1000తో భాగిస్తే దాదాపు 53 ఓములు వస్తుంది. 180ని 53తో భాగించండి, 3.4 ఆంపియర్లు. దాన్ని 180తో గుణిస్తే 612 వాట్లు. కరెంటూ తగ్గింది, వేడీ తగ్గింది. నిన్న బల్ల మీద వేరియాక్ (వోల్టేజీని పెంచి తగ్గించే పెట్టె) తిప్పి 180 దగ్గర ఆపి, టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసే మీటరు) తగిలించి మరీ చూశాను. 3.4 చూపించింది. ఇరవై నిమిషాల్లో కాగే బకెట్ నీళ్లకు అరగంట దాటుతుంది, రాడ్‌కి ఏమీ కాదు.

ఈ లెక్క అన్నిటికీ ఒకేలా పనిచేయదు. షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒకరోజు పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకి మల్టీమీటరు పెట్టాడు. 40 ఓములు వచ్చింది. లెక్క కట్టి, "ఇది 1300 వాట్లా?" అని కంగారుపడ్డాడు. వాడి లెక్క తప్పు కాదు. బల్బు చల్లగా ఉంది. వెలిగితే టంగ్‌స్టన్ తీగ నిరోధం 529 ఓముల దాకా పోతుంది. హీటర్లో వాడే నైక్రోమ్ అలా కాదు, వేడెక్కినా పెద్దగా మారదు.

మీ జవాబులో ఉన్న మాట నడుస్తున్న మోటారుకైతే నిజం. వోల్టేజీ పడిపోయినా నీళ్లు ఎత్తక తప్పదు గనక అది కరెంటు ఎక్కువ లాగుతుంది, వైండింగ్ మాడుతుంది. కాశీనగర్ వైపు నుంచి ఒక రైతు ఒకే ఎండాకాలంలో రెండుసార్లు ఒకటే మోటారు పట్టుకొచ్చాడు. "మేస్త్రీ, మళ్లీ కాలిపోనాది. కంపెనీ మంచిది కాదేమో" అన్నాడు. మూత తీస్తే మాడిన వార్నిష్ వాసన, తీగచుట్టలు బొగ్గులా నల్లగా. మళ్లీ చుట్టి ఇచ్చి, ఈసారి వెంట వెళ్లాను. మోటారు నడుస్తుండగా మీటరు దగ్గర 200 వోల్టులు, మోటారు దగ్గర 180. మోటారుకి కొట్టిన కంపెనీ రేకు మీద 7 ఆంపియర్లని ఉంటే లాగుతున్నది 9. మధ్యలో పోయిన 20 వోల్టులను 9తో భాగిస్తే 2.2 ఓములు. అది వైరు నిరోధం. 20ని 9తో గుణిస్తే 180 వాట్లు. అది వైరు తినేస్తున్నది. ఏసీ మోటారుకి ఇది ముతక లెక్కే, కానీ దొంగ దొరికిపోయాడు. వంద మీటర్ల దూరానికి 1.5 చదరపు ఎంఎం వైరు లాగారు, రానూ పోనూ రెండు వందల మీటర్లు. 4 చదరపు ఎంఎం వైరు వేయించాక మోటారు దగ్గర 193 వచ్చింది, కరెంటు 8కి దిగింది. లైనులోనే వోల్టేజీ తక్కువ గనక 7కి రాలేదు. అయినా ఆ మోటారు మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఈ గందరగోళానికి మన మాట కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది. మనం వోల్టేజీనీ కరెంటే అంటాం, ఆంపియర్లనీ కరెంటే అంటాం, బిల్లునీ కరెంటే అంటాం. "సాయంత్రం కరెంటు తక్కువొస్తోంది" అంటే వోల్టేజీ తక్కువని అర్థం. మా వైపు పిల్లలకు ఇంకో చిక్కుంది. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు, చాలామందికి బడిలో ఒడియా. అక్కడ "ప్రతిరోధ" అని చదువుకున్నది మన నిరోధమేనని ఎవరో ఒకరు చెబితేగానీ తెలియదు. వాళ్లు చదివే తెలుగు అంతా మీ పత్రికలోనిదే. వాడుక తెలుగు కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది. ఇలాంటి సంగతులు ఆ వాడుక మాటల్లో, సరైన లెక్కతో వస్తే మా పిల్లలకు అందుతాయి.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, హీటరుకి 3.4 ఆంపియర్లు, 612 వాట్లు అని సవరణ వేయండి. మోటారు సంగతి వేరని కూడా రాయండి. పొలానికి వైరు కొనబోయే రైతు కోసం ఆ 20 వోల్టుల లెక్క పక్కన పెట్టెలో వేయగలిగితే మరీ సంతోషం.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మేస్త్రీ,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా