కాలేజీ వర్క్‌షాపుల తాళాలు సాయంత్రం కూడా తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ఎక్స్‌పోల ఫొటోలు ఏటా పేపర్లలో చూస్తుంటాను. కొత్తగా రంగు వేసిన మిషన్, చుట్టూ నలుగురైదుగురు విద్యార్థులు, మధ్యలో ప్రిన్సిపాల్ గారు. వాటిలో కొన్ని మిషన్లు మా బాలానగర్ షెడ్లలో తయారైనవే. అక్కడే గాంధీనగర్‌లో నాకు చిన్న లేత్ షెడ్ ఉంది. లేత్ అంటే ఇనుప కడ్డీని తిప్పుతూ కావాల్సిన సైజుకు కోసే మిషన్. పరీక్షలు దగ్గరపడ్డాయంటే పిల్లలు వచ్చి, "అంకుల్, రెడీమేడ్‌గా ఏమైనా ఉందా? సోమవారం రివ్యూ" అని అడుగుతారు. ఇక్కడ దొరక్కపోతే అమీర్‌పేటకో, కూకట్‌పల్లికో పోతారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు ఇస్తామని బోర్డులు పెట్టుకున్న దుకాణాలు అక్కడున్నాయి. మిషన్‌తో పాటు రిపోర్టు, పీపీటీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు కూడా వాళ్లే ఇస్తారు. నాలుగేళ్ల చదువు చివర్లో బిడ్డ చేతికి నూనె అంటకుండానే డిగ్రీ వస్తుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఈ బాధతోనే.

అయితే తప్పంతా పిల్లలదే అంటే నేను ఒప్పుకోను. చేయాలనుకున్న వాళ్లు ఎలా చేస్తారో కూడా నా షెడ్‌లోనే చూశాను.

నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. బీటెక్ మెకానికల్ చదివి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. శనివారం వచ్చిందంటే మా షెడ్‌లో ఉంటుంది. వాళ్లది యాసంగి పల్లి వేసే ఊరు. నూనెకు పోయే కాయను మిషన్‌లో వలిపిస్తారు కానీ విత్తనం కాయను మాత్రం ఆడవాళ్లు కూర్చుని చేత్తోనే వలుస్తారు. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, లేదంటే పైన ఎర్ర పొట్టు లేచిపోతుంది. అలాంటి గింజ సరిగా మొలవదు. విత్తే అదను దాటకముందే బస్తాలకు బస్తాలు వలవాలి, బొటనవేళ్లు పుండ్లవుతాయి. విత్తనం పాడవకుండా వలిచే మిషన్, అదీ ఇంట్లో ఒక మనిషి చేత్తో తిప్పుకునేది, చేయాలని ఆ అమ్మాయి పట్టుదల. చేత్తో తిప్పే పల్లి మిషన్లు మార్కెట్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. తన ఊరి కాయకు, తన ఊరి చేతులకు సరిపోయేలా దాన్ని మార్చుకుంది. ఇంజనీరింగ్ అంటే నాకు తెలిసింది అదే.

మొదటిసారి తెచ్చిన డ్రాయింగ్ కంప్యూటర్‌లో గీసింది, చూడముచ్చటగా ఉంది. షాఫ్ట్ (తిరిగే ఇరుసు) చివర 6204 నంబరు బేరింగ్ కూర్చునే చోట 20 మిల్లీమీటర్లు అని రాసి వదిలేసింది. లేత్ నడిపే మా టర్నర్, మందం కొలిచే మైక్రోమీటర్ ఆమె చేతిలో పెట్టి, "20 అంటే ఎంత బిడ్డా? 20.05 అయితే బేరింగ్ ఎక్కదు. 19.95 అయితే ఎక్కుతుంది కానీ లోపల వదులుగా తిరిగి షాఫ్ట్‌నే తినేస్తుంది" అన్నాడు. నున్నటి ఇనుప కడ్డీని (బ్రైట్ బార్) లేత్ పట్టుకు (చక్) బిగించి ఆమెతోనే కోత పట్టించాడు. మా లేత్‌లో టూల్‌ను 0.1 మిల్లీమీటర్ ముందుకు జరిపితే షాఫ్ట్ వ్యాసం 0.2 మిల్లీమీటర్ తగ్గుతుంది, ఎందుకంటే కడ్డీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి రెండు వైపులా కోత పడుతుంది. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, పరీక్షలో ఆమె రాసే ఉంటుంది. కానీ ఆ రోజు చివరి కోత దగ్గర హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడింది చూడండి, అప్పుడు ఆ లెక్క ఒంటికి పట్టింది. బేరింగ్ చేత్తో సగం దాకా ఎక్కి, మిగతా సగం చిన్న దెబ్బకు కూర్చుంది. ఆ టక్ మనే చప్పుడు విని ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

తర్వాత జల్లెడ దగ్గర ఆగింది పని. కాయ నలిగి గింజ కిందకు జారాలంటే జల్లెడ సందు వెడల్పు సరిగ్గా కుదరాలి. సందు చిన్నదైతే గింజ లోపలే ఉండి నలుగుతుంది, పెద్దదైతే వలవని కాయ కిందకు దిగిపోతుంది. కదిరి-6 లాంటి పల్లి రకానికి కుదిరింది మరో రకానికి కుదరదు. రేకు కోయించే ముందు తన త్రీడీ ప్రింటర్‌లో రకరకాల వెడల్పులతో ప్లాస్టిక్ ముక్కలు అచ్చు వేసుకొచ్చి, ఊరి నుంచి తెచ్చిన కాయలతో ఒక్కో ముక్కా చూసుకుంది. ఇలా చేయడం మాకు తెలియదు. మేమైతే నేరుగా రేకు కోసి, కుదరకపోతే పక్కన పడేసేవాళ్లం. ఆ పద్ధతి ఇప్పుడు మా షెడ్‌లో మేమూ వాడుతున్నాం.

రేకును లేజర్ కటింగ్‌లో కోయించి, గుండ్రంగా రోల్ చేయించి బిగించాం. కాయను రుద్దే చోట ఇనుముకు బదులు పాత టైర్ ముక్కలు పెట్టింది. గింజలు పగలడం బాగా తగ్గింది కానీ కింద ట్రేలో ఎర్ర పొట్టు రాలుతూనే ఉంది. కాయల మీద కాసిని నీళ్లు చల్లి చూసింది, టైర్‌కూ జల్లెడకూ మధ్య సందు పెంచి చూసింది. చివరికి మిషన్ విప్పి జల్లెడ లోపలి వైపు వేలితో నిమిరింది. లేజర్ కోసినప్పుడు రేకు అడుగున కరిగిన ఇనుము చిన్న చిన్న ముళ్లలా అంటుకుంటుంది. ఆ వైపే లోపలికి వచ్చేలా రోలింగ్ అయింది, గింజ తోలు గీరుకుపోతున్నది అక్కడే. రేకు తిరగేసి, నున్నటి వైపు లోపలికి వచ్చేలా మళ్లీ రోల్ చేయించి, అంచులకు హాఫ్ రౌండ్ ఆకురాయి పట్టించింది. ఆ తర్వాత వలిచిన గింజలు మీరు చూడాల్సింది, తోలు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి, కలుపు తీసేవాళ్లు కూర్చుని జరుపుకునే చిన్న చక్రాల పీట మీద పని చేస్తోంది.

ఇంత శ్రద్ధ ఉన్న అమ్మాయి కాలేజీలో ఉండగా ఏం చేసింది అని మీకు అనుమానం రావచ్చు. నేనూ అడిగాను. మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్‌లో రెండు ఇనుప ముక్కలు V ఆకారంలో కుదిరేలా ఆకురాయి పట్టే ఒక వీ ఫిట్, కార్పెంటరీలో రెండు చెక్కలు కలిపే ఒక ల్యాప్ జాయింట్, హౌస్ వైరింగ్‌లో రెండు బల్బులు. అక్కడితో సరి. ఫైనల్ ఇయర్‌లో ఈ మిషన్ చేస్తానంటే, నాలుగు గంటలకు వర్క్‌షాప్ మూసేస్తాం, ఆ తర్వాత బాధ్యత ఎవరిదన్నారట. క్లాసులేమో నాలుగింటి దాకా ఉంటాయి. ఇక పిల్లలు ఎప్పుడు చేయాలి? అందుకే కొంటారు.

ప్రమాదం జరుగుతుందన్న కాలేజీల భయం ఉత్తదని నేను అనను. లేత్ దగ్గర పరాకు పనికిరాదు. కానీ అవే లేత్‌ల మీద ఐటీఐలలో పదహారేళ్ల పిల్లలు పక్కన ఇన్‌స్ట్రక్టర్ నిలబడితే పని నేర్చుకుంటున్నారు. ఇరవై ఏళ్లు దాటిన ఇంజనీరింగ్ విద్యార్థికి అది ఎందుకు చేతకాదు? కావాల్సింది సాయంత్రం రెండు గంటలు ఉండే ఒక ఇన్‌స్ట్రక్టర్. కోట్లు పెట్టి బిల్డింగులు కట్టే కాలేజీలకు ఒక మనిషి జీతం బరువా?

మన దగ్గర వసతులు లేవనీ అనలేం. 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో, కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్ మొదలైంది, మంచి మంచి మిషన్లున్నాయి. కానీ వనపర్తిలో చదివే పిల్లకు రాయదుర్గం ఎంత దూరం? 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో ప్రభుత్వం చేపట్టింది. అక్కడి మిషన్లను సాయంత్రాలు చుట్టుపక్కల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు కూడా తెరవాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

యూనివర్సిటీ వాళ్లకూ ఒక మాట. ప్రాజెక్టు మార్కులు వేసేటప్పుడు పూర్తయిన మిషన్‌తో పాటు పాడైన ముక్కలు కూడా టేబుల్ మీద పెట్టమనండి. ఆ ప్లాస్టిక్ ముక్కలు, గింజను గీరే జల్లెడ, వదులైన షాఫ్ట్ లాంటివన్నీ. కొన్నవాడి దగ్గర అవి ఉండవు. ఒక్కో ముక్క చూపించి ఇది ఎందుకు పనికిరాలేదు అని అడిగితే చాలు, ఎవరు చేశారో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి అందరికీ తెలుసు. చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనిని ఆసు అంటారు. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒక్క చీర ఆసుకు తల్లి వేల సార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక మొదలుపెట్టారు. ఆరో తరగతితో చదువు ఆగినా ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేసుకుంటూ పోయారు. చివర ఒక కదలిక కుదరక ఆగిపోతే, బాలానగర్‌లో వేరే పని మీద వచ్చినప్పుడు అక్కడ తిరుగుతున్న ఒక మిషన్ చూసి దారి దొరికిందని చెబుతారు. 1999లో యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. తిరుగుతున్న మిషన్ ఎదుట నిలబడే అవకాశం ఆయనకు అనుకోకుండా దొరికింది. ఫీజు కట్టి చదివే పిల్లలకు అది ఎందుకు దొరకకూడదు?

నా షెడ్‌లో రెండో లేత్ సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగా ఉంటుంది. టర్నర్ ఎనిమిది దాకా ఉంటాడు. ఏ కాలేజీ అయినా ఉత్తరం ఇచ్చి ఇద్దరు విద్యార్థులను పంపితే పైసా తీసుకోకుండా నేర్పిస్తాం, మెటీరియల్ వాళ్లు తెచ్చుకుంటే చాలు. నా వివరాలు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగిన కాలేజీకి దయచేసి ఇవ్వండి. వచ్చేవాళ్లు షూ వేసుకుని, వదులు బట్టలు, చున్నీలు లేకుండా రావాలి. పొడుగు జుట్టు ఉంటే ముడి వేసుకోవాలి.

ఇట్లు
ఒక లేత్ షెడ్ యజమాని,
గాంధీనగర్, బాలానగర్, హైదరాబాద్