షవరు సన్నగా వస్తోందని కొత్తది కొనకు

పర్లాకిమిడి

బుజ్జమ్మా,

నిన్న ఫోనులో నువ్వు చెబుతుంటే నాన్నగారు పక్కన టీవీ పెట్టేశారు, సగం మాటలు వినబడనే లేదు. అందుకే రాస్తున్నాను. బరంపురంలో ఇల్లు బాగుంది, ఆఫీసు దగ్గర, ఓనరు మంచాయన, అంతా బాగానే ఉంది గానీ షవరు మాత్రం కారినట్టు వస్తోంది, తలంటుకుంటే షాంపూ వదలడానికే అరగంట పడుతోంది అన్నావు. జీతం రాగానే పళ్లెమంత రెయిన్ షవరు కొని పెట్టించుకుంటానన్నావు.

కొనకు. ఇంకా సన్నగా వస్తుంది.

ఎందుకో చెబుతాను. మీ ఇంట్లో నీళ్లని తోసేది మోటారు కాదు, మేడమీద ట్యాంకు ఎత్తు. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బారు ఒత్తిడి వస్తుంది, ప్లంబర్లు కేజీ ప్రెజరు అంటారు. నువ్వు ఉండేది పై అంతస్తు. షవరు ఏడడుగుల ఎత్తున ఉంటుంది, శ్లాబు పదడుగులు, దానిమీద ట్యాంకు దిమ్మ ఇంకో రెండు మూడడుగులు. ట్యాంకు నిండుగా ఉన్నా నీటిమట్టానికీ నీ షవరుకీ మధ్య 3 మీటర్లు దాటదు. అంటే బారులో మూడో వంతు కూడా లేదు. ట్యాంకు అడుగంటితే ఇంకా తక్కువ. కింద వాటాల వాళ్లకి అంతస్తుకి 3 మీటర్ల చొప్పున అదే ట్యాంకు నుంచి ఒత్తిడి కలిసొస్తుంది, అందుకే వాళ్లకి ఏ బాధా తెలియదు. రెయిన్ షవర్లు చాలావాటికి కనీసం అర బారైనా కావాలి. ఉన్న కాసిన్ని నీళ్లు రెండు వందల కన్నాల్లోంచి రావాలంటే ఏం వస్తాయి చెప్పు.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు. బట్టలు నానబెట్టే 20 లీటర్ల బకెట్టు షవరు కింద పెట్టి, ఫోనులో టైము చూసుకో. మూడు నిమిషాల్లోపు నిండితే ఆ షవరు అంత పనికిమాలినదేం కాదు. తరవాత షవరు తల విప్పేసి ఉత్త పైపు కింద మళ్లీ బకెట్టు పెట్టు. ఉత్త పైపు నుంచి భళ్లున వస్తే తప్పు షవరు తలదే. అదీ సన్నగానే ఉంటే వెనక లైనులో ఉంది. నూటికి ఎందరో ఈ రెండో బకెట్టు పెట్టకుండానే షాపుకి పరిగెత్తుతారు.

విప్పేటప్పుడు పానాతో నేరుగా పట్టుకోకు, పాత గుడ్డ చుట్టి తిప్పు, లేకపోతే మెరుపంతా గీసుకుపోయి ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది. లోపల రబ్బరు వాషరు, దాని వెనక చిన్న జాలీ ఉంటాయి. ఆ జాలీ తీసి వెలుతురుకి పెట్టి చూడు. ట్యాంకు కడగని ఇళ్లలో ఇసక, తుప్పు పొట్టు, పైపు అతికించిన జిగురు ముక్కలు అక్కడే ఇరుక్కుంటాయి. పాత టూత్ బ్రష్షుతో రుద్దితే చాలు.

కన్నాల దగ్గర తెల్లగా గట్టిపడి ఉంటే అది బోరు నీళ్ల సున్నం. మీ అపార్టుమెంటులో బోరు నీళ్లే ఎక్కిస్తారన్నావుగా, అయితే తప్పకుండా ఉంటుంది. వంటింట్లో నిమ్మ ఉప్పు ఉంటే అదే మందు. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, పాలిథిన్ కవరులో పోసి, షవరు తల అందులో మునిగేలా పెట్టి రాత్రంతా ఉంచు. కాసేపటికే చిన్న చిన్న బుడగలు లేస్తాయి, సున్నం కరుగుతోందన్నమాట. పొద్దున్నకి తెల్ల పొట్టు కవరు అడుగున దిగి ఉంటుంది. మెత్తటి రబ్బరు కన్నాలైతే బొటనవేలితో నలిపినా ఊడిపోతుంది, గట్టి కన్నాలైతే గుండుసూదితో ఒక్కొక్కటీ పొడుచుకోవాలి. విసుగు పనే, కానీ టీవీ ముందు కూర్చుని చేసేదే. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానీకు, సున్నంతో పాటు క్రోమ్ పూత కూడా లేచిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు పైపు మర గాట్లకి టెఫ్లాన్ టేపు, అదే నీళ్లు కారకుండా చుట్టే పల్చటి తెల్ల టేపు, బిగించే వైపే చుట్టు, ఎదురు చుడితే బిగిస్తుంటే ఊడి వస్తుంది.

ఒక్క వేడినీళ్లే సన్నగా వస్తూ చన్నీళ్లు బాగుంటే, అది గీజరు గొడవ. దాని కింద గోడకుండే చిన్న కుళాయి, యాంగిల్ కాక్ అంటారు, సగమే తెరిచి ఉందేమో చూసుకో, అంతకు మించి వేలు పెట్టకు. లోపలికి నీళ్లు వెళ్లే చోట ఉండే సేఫ్టీ వాల్వు పట్టేసిందంటే మనిషిని పిలిపించాల్సిందే. స్విచ్చి కట్టెయ్యకుండా ఎవరినీ దాని దగ్గరికి వెళ్లనివ్వకు.

రెండూ సన్నగానే ఉంటే మేడ ఎక్కు. ట్యాంకు నుంచి మీ వాటాకి దిగే పైపు మీద గేట్ వాల్వు ఉంటుంది. ఎవరో ఎప్పుడో రిపేరుకి కట్టి, సగం తెరిచి వదిలేసి ఉంటారు. మన మేడమీద వాటాలో అద్దెకున్నవాళ్లు నెలల తరబడి నీళ్లు రావట్లేదన్నారు, తీరా చూస్తే అదే. పాత ఇత్తడి వాల్వులయితే పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపల పలక విరిగి కిందే ఉండిపోతుంది. ఆ పైపు పక్కనే పైకి లేచి నోరు తెరుచుకుని ఒక సన్న గొట్టం ఉండాలి, గాలి పోవడానికి. అది లేకపోతేనూ, మూసుకుపోతేనూ ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ పైపులో గాలి పట్టేస్తుంది. నీళ్లు బుస్సుబుస్సుమంటూ ఆగి ఆగి వస్తే అదే గుర్తు. ట్యాంకు నిండాక కింది కుళాయిలన్నీ ఒకేసారి కాసేపు తెరిచి ఉంచితే చాలాసార్లు గాలి తోసుకుపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రావట్లేదంటే పైపులే పూడిపోయి ఉండాలి. పాత ఇనప పైపుల్లో తుప్పు పేరుకుని అరంగుళం పైపు వేలు పట్టని కన్నమవుతుంది. అది నువ్వు బాగుచేయించాల్సింది కాదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా పైపులు మార్చడం ఓనరు వంతు, కుళాయి వాషర్లు, గీజరు రిపేరు అద్దెకున్నవాళ్ల వంతు అని రాశారు. అది నమూనాయేననుకో, ముందు నీ అగ్రిమెంటులో ఏముందో చూసుకో. ఓనరుతో దెబ్బలాటలా మాట్లాడకు. నేనూ అద్దెకిచ్చేదాన్నే, నాకు తెలుసు: ‘నీళ్లు రావట్లేదు’ అంటే చికాకేస్తుంది, ‘ఉత్త పైపు కింద 20 లీటర్లు నిండడానికి ఇంతసేపు పట్టింది’ అంటే లేచి చూస్తాం.

ఆఖరుకి బూస్టర్ పంపు. పై అంతస్తుకి నిజమైన పరిష్కారం అదే, నేను కాదనను. ట్యాంకు నుంచి దిగే పైపులో పెట్టే చిన్న పంపు, కుళాయి తిప్పితే తనే ఆన్ అవుతుంది, ట్యాంకుని ఇంకో 10 మీటర్లు పైకెత్తినంత ఒత్తిడి ఇస్తుంది. కాకపోతే శబ్దం చేస్తుంది, ఎర్తింగు సరిగ్గా ఉండాలి, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మునిసిపాలిటీ కుళాయి లైనుకి మాత్రం ఎవరు చెప్పినా పెట్టించకు. అది లైనులో నీళ్లని పీల్చేస్తుంటే పగుళ్లలోంచి పక్క కాలవ మురుగు కూడా లోపలికి వస్తుంది, వీధివాళ్లందరికీ జబ్బులు.

మంచి ప్లంబరు దొరకడనే భయం నీకక్కర్లేదు. దేశం నలుమూలలా ప్లంబర్లంటే మన ఒడిశావాళ్లే, అందులోనూ కేంద్రపడా జిల్లా పట్టముండై చుట్టుపక్కల వాళ్లే. ఆ పని నేర్పడానికి అక్కడ గవర్నమెంటు సంస్థే పెట్టారు. నువ్వు ఒరియాలో మాట్లాడితే ఇంకా బాగా చేస్తారు. పర్లాకిమిడి గుంటవి, ఆపాటి రాదా ఏటి?

మామ్మకి ఇదంతా చదివి వినిపించాను. ఆవిడకి షవరంటే మొదట్నించీ గురి లేదు, కాగులో కాచి చెంబుతో పోసుకుంటేనే స్నానమంటుంది. తలంటు రోజున ఒక బకెట్టు పట్టి పక్కన పెట్టుకోమంది, ఆ మాట మాత్రం తీసిపారెయ్యకు.

అగ్రిమెంటు కాపీ నాన్నగారి ఫైల్లో ఉంది, ఫోటో తీసి పంపిస్తాను. బకెట్టు రెండుసార్లు నిండిన టైములూ కాగితం మీద రాసి ఉంచు. ఆదివారం పొద్దున్న మన ట్యాంకు కడిగిస్తున్నాను, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చెయ్యి.

అమ్మ