కిలో సరే, ఏ కాయ కిలో?
(మిర్చి తొడిమల కూలి గురించి కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ధర కాస్త పడితే చాలు, పేపర్లన్నీ రాస్తాయి. అదే మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లకు కిలోకి ఎంతిస్తున్నారో ఎక్కడా కనపడదు.

మా అమ్మ ఏటా సీజన్లో ఒక షెడ్డుకు ఈ పనికి వెళ్తుంది. పనిముట్లంటారా, బొటనవేలు, చూపుడువేలు. గోరు చీలకుండా చుట్టుకునే పాత చీర పీలిక ఒకటి అదనం. తొడిమ మొదట్లో గోరు ఆనించి, మెలిపెట్టి లాగాలి. కాస్త గట్టిగా లాగితే కాయ చిట్లి గింజలు రాలతాయి, గుమస్తా కసురుకుంటాడు. మిషన్లు లేవా అంటే ఉన్నాయి. కానీ కాయ విరగకూడని సరుకును మా షెడ్డులో ఇప్పటికీ చేత్తోనే తీయిస్తారు.

అసలు పేచీ రేటు దగ్గర. అక్కడ ఏ రకం వచ్చినా కిలోకి ఒకటే రేటు. తేజ కాయ సన్నం, తేలిక. 334 అనే రకం కాయ దానికంటే పెద్దది. తేజ కిలో తూగాలంటే ఎన్నో ఎక్కువ తొడిమలు తీయాలి. పైగా ఘాటు కూడా తేజదే. చేతులు మండిపోయేదీ, కూలి తగ్గేదీ ఒకే రోజన్నమాట! ఆ మంట పెట్టే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే అమ్మ ఇంటికి రాగానే సబ్బుకంటే ముందు కొబ్బరినూనె రాసుకుంటుంది. ఆ రాత్రి అన్నం స్పూన్‌తో తింటుంది. ఆమెకు స్పూనంటే మహా చిరాకు.

ప్రభుత్వం కనీస రోజు కూలి మాత్రమే ఖరారు చేసిన పనిలో పీస్ రేటు (అంటే మా షెడ్డులోలా కిలోల లెక్కన కూలి) కట్టినా, ఆ కనీస కూలికి తగ్గకూడదని 2019 వేతనాల కోడ్ 12వ సెక్షన్ చెబుతోంది. కానీ షెడ్డు పుస్తకంలో కిలోలే రాస్తారు, గంటలు రాయరు. ఇక తగ్గిందని ఎలా తేలుతుంది?

కాబట్టి రకం వారీగా రేటు కట్టించండి. తేజ ఒక కిలో, 334 ఒక కిలో పోయించి, దేనికెంతసేపు పడుతుందో మీ అధికారులను చూడమనండి. చురుకైన పడుచుపిల్లలను కాదు, మా అమ్మ వయసువాళ్లను కూర్చోబెట్టాలి. ఆ రేట్లు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించండి. గ్లౌజులు పంచి ఫొటో దిగడం మాత్రం వద్దు, వాటితో గోటికి పట్టు దొరకదు. దుమ్ము బయటికి లాగే ఫ్యాన్లు పెట్టిస్తే దగ్గు తగ్గుతుంది.

తనిఖీకి వచ్చేటప్పుడు ముందుగా కబురు పెట్టకండి. పెడితే ఆ రోజు ఘాటు తక్కువుండే బ్యాడిగి రకం కాయే పోస్తారు.

ఇట్లు,
తొడిమలు తీసే ఒక తల్లి కూతురు,
గుంటూరు