అసోసియేషన్ మెయిల్ వాడేవాళ్లు ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. "మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ ఆగింది, ఇక్కడ నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వండి" అంటూ మన అసోసియేషన్ ఐడీలకు వచ్చిన మెయిళ్లను సర్వర్ ఆపేసి క్వారంటైన్‌లో (అనుమానపు మెయిళ్లను విడిగా ఉంచే చోట) పెట్టింది. టెన్షన్ వద్దు. ట్యాక్స్ వాళ్లు పిన్, పాస్‌వర్డ్ మెయిల్‌లో అడగనే అడగరు.

"మీ మెయిల్ ఆగింది" అని నోటీసు వస్తే అందులోని రిలీజ్ బటన్ నొక్కకండి. ఆ నోటీసే దొంగది కావచ్చు, అదో కొత్త ఎత్తు, అందుకే అందులోని లింక్ వదిలేసి, రోజూ లాగిన్ అయ్యే చోటే చూసుకోండి. లిఫ్ట్ మెయింటెనెన్స్ బిల్లులాంటి అసలు మెయిల్ పొరపాటున ఆగితే, పంపినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని నాకు చెప్పండి, నేను విడిపిస్తాను.

అలాంటి దొంగ మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వచ్చేస్తే నాకు అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేయండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఏ సర్వర్ నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి, స్క్రీన్‌షాట్‌లో అసలే ఉండవు. సొంత జీమెయిల్‌కి వస్తే మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ ఫిషింగ్ కొట్టండి.

ఇప్పటికే వివరాలు ఇచ్చేసినవాళ్లు మొహమాటపడకుండా వెంటనే చెప్పండి, పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి.

ఆదివారంలోపు అందరూ టూ-స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో నిర్ధారణ కూడా అడిగే లాగిన్) ఆన్ చేసుకుని ఇక్కడ "అయింది" అని పెట్టండి. అది ఆన్ చేయడం తెలియనివాళ్లు సాయంత్రం ఆఫీసు రూమ్‌కి ఫోన్ తీసుకుని రండి.