డిశ్చార్జ్ రోజు తొందరపడకు

అమ్మలూ,

మీ అత్తయ్యగారిని ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారని నిన్న ఫోన్లో చెప్పావు. తుంటి ఆపరేషన్ అయిన మనిషి లేచి తిరుగుతున్నారంటే సంతోషమే. కానీ నీ గొంతులో ఆ హడావిడి విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ముప్పై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేశాను. డిశ్చార్జ్ వేళ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మంచం కోసం ఇంకొకరు కాచుకుని ఉంటారు. మనవాళ్ళలో ఒకరు బిల్లు దగ్గర, ఒకరు కారు దగ్గర. ఆ గోలలో నర్సు వచ్చి కాగితాలు చేతిలో పెట్టి, నాలుగు ముక్కలు చెప్పి, "అర్థమైందా?" అంటుంది. నేనూ అలా అన్నదాన్నే. అందరూ తలూపేవాళ్ళు.

మీ నాన్న విషయంలో నేనూ తలూపాను. నువ్వు హాస్టల్లో ఉన్నావని నీకు పూర్తిగా చెప్పలేదు. కొత్త చీటీలో బీపీ మాత్ర ఒకటి రాశారు. ఇంట్లో పాత బీపీ మాత్ర ఉండనే ఉంది. పేర్లు వేరు కదా అని రెండూ వేశాను. ఐదో రోజుకి పాదాలు ఉబ్బాయి, ఆ రాత్రి బాత్రూమ్ గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోయారు. స్ట్రిప్పులు తిప్పి చూస్తే వెనక సన్న అక్షరాల్లో రెండింటి మీదా ఆమ్లోడిపిన్ అనే ఉంది. కంపెనీలు వేరు, మందు ఒకటే. ముప్పై ఏళ్ళ నర్సుని, నాకే తట్టలేదు!

అందుకని ఇంట్లో ఆవిడ వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో, కొత్తది ఎన్నాళ్ళో డాక్టర్ చేత రాయించు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్ని రోజులో మరీ ముఖ్యం. మందుల పొరపాట్లు తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక కార్యక్రమం పెట్టింది, రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి మారే ఇలాంటి వేళలు అందులో ఒక ముఖ్యాంశం. కాబట్టి అడగడానికి మొహమాటపడకు. విన్నాక నీ మాటల్లో తిరిగి చెప్పు, తప్పుంటే అక్కడే దిద్దుతారు.

ఇవన్నీ నీకూ అల్లుడుగారికీ మాత్రమే చెప్పి ఊరుకోనివ్వకు. కాలు ఆవిడది. కాలి మీద ఎంత బరువు మోపాలో, కుట్లు ఎప్పుడు తీస్తారో మంచం పక్కన కూర్చుని ఆవిడకే చెప్పించు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆగకుండా వచ్చెయ్యాలని ఆవిడకీ తెలియాలి. రాత్రి ఫోన్ చెయ్యాల్సిన నంబరు కూడా రాయించుకో.

ఇంట్లో లేవదీసేవాళ్ళు లేరనుకో, ఆ మాట ముందే చెప్పు. వైద్యం ఇంకా అవసరమైన మనిషిని వేరే ఏర్పాటు చేసుకునే సాయమూ వ్యవధీ ఇవ్వకుండా డాక్టరు వదిలెయ్యకూడదని రోగి హక్కుల మీద ప్రపంచ వైద్య సంఘం 1981లో చేసి, 1995లో సవరించిన లిస్బన్ ప్రకటనలోనే ఉంది. తిరగేసి, డాక్టర్ ఇంకో రెండు రోజులు ఉండమన్నా ఆవిడే వెళ్ళిపోతానంటే, అది ఆవిడ ఇష్టం. అప్పుడొక సంతకం తీసుకుంటారు. దానర్థం ప్రమాదం చెప్పారు, విన్నాను అని. ఇంక ఇక్కడికి రాను అని కాదు. చదివాకే పెట్టమను. మందుల చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ అప్పుడూ అడిగి తీసుకోండి.

బిల్లు పద్దు వారీగా ఇమ్మను, మొత్తం ఒక్కటే వేసిన కాగితం వద్దను. ఎక్స్‌రేలు, రిపోర్టుల కాపీలు తీసుకో. ఇంకా రాని రిపోర్టు ఏదైనా ఉంటే ఎవరు చెప్తారో కనుక్కో.

చేతికున్న కాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టిన సన్న గొట్టం, తీశారో లేదో చూసుకో, నవ్వకు, దానితోనే ఇంటికెళ్ళిన వాళ్ళున్నారు. కారులో ముందు సీటు బాగా వెనక్కి జరిపి, గట్టి దిండు ఒకటి వేసి కూర్చోబెట్టు. ఇల్లు చేరాక ఆ సమ్మరీ ఫోటో తీసి నాకు పంపు, చదివి ఫోన్ చేస్తాను.

అమ్మ