వార్షిక నివేదిక 2024–25: పాత ముక్కలు మన అలమారలోనే ఉండాలి

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక మీ చేతికి అందాలన్నది మన నియమం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులు ఇందులో ఉన్నాయి. బెంగళూరులో ఆదివారాలు బల్ల చుట్టూ కూర్చుని కార్డుల ఆటలు ఆడుకునే మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో, ఏ ఆటలు ఆడతామో మీకు తెలుసు కాబట్టి ఆ సంగతులు మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మనవాళ్లు ఎక్కువగా వాదించుకున్నది ఒక్క విషయం మీదే. డొమినియన్ (బల్ల మీది ముక్కలు కొనుక్కుంటూ ఎవరి పేక వాళ్లు కట్టుకునే ఆట) కొత్త ఎడిషన్లలో తీసేసిన ముక్కలను, అంటే కార్డులను, మనం ఆటలో ఉంచాలా, మూటకట్టి అటక ఎక్కించాలా అని. నివేదికలో సగానికి పైగా దాని గురించే ఉంటుంది. నేను ఉంచాలనే పక్షం, ఆ మాట ముందే చెబుతున్నాను.

ఆదివారం ఆటలు

2024 వేసవిలో బెంగళూరు అంతా నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. మనం కూర్చునే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ వాళ్లు కూడా కొన్నాళ్లు బయటివాళ్లను రావద్దన్నారు. ఉన్న నీళ్లు వాళ్లకే చాలని రోజులు అవి, వాళ్లను తప్పుపట్టలేం. అప్పుడు మల్లేశ్వరంలోని మన పెద్ద సభ్యురాలు తన ఇంటి ముందు గది ఇచ్చారు. నాలుగు బల్లలు పట్టే చోట ఆరు వేసుకున్నాం. వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇచ్చి, చెప్పులు బయట విప్పమనడం తప్ప ఇంకే షరతూ పెట్టని ఆ ఇంటివాళ్లకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. పర్పుల్ లైన్ మెట్రో పూర్తిగా తెరిచాక వైట్‌ఫీల్డ్ వాళ్లకు రాకపోకలు తేలికయ్యాయి. మారతహళ్లి వాళ్లకు ఆ సుఖం లేదు. అయినా ఒక్క ఆదివారం కూడా మానని కుటుంబం అక్కడిదే.

హాలు అనుమతి

ఉగాది ఆటలకు పెద్ద హాలు కావాలని దరఖాస్తు పెట్టాం. అందులో కార్డ్ గేమ్స్ అన్న మాట కనపడగానే అక్కడి అధికారి కాగితం పక్కన పెట్టేశారు. పేకాటకు హాలు ఇవ్వం అన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆట కాదని, పిల్లలు కూడా ఆడతారని అధ్యక్షులు గారు, నేను మూడుసార్లు వెళ్లి చెప్పాం. రెండోసారి వెళ్తే మొదటిసారి ఇచ్చిన జిరాక్సులే మళ్లీ అడిగారు. మూడోసారి ఆయన సీట్లో లేరు. ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లినవాళ్లకు ఇది ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండేది.

చివరికి మన కన్నడ మిత్రుడు ఒకాయన చక్కటి కన్నడలో దరఖాస్తు రాసిచ్చి, పెట్టె చంకన పెట్టుకుని మాతో వచ్చారు. బల్ల మీద ముక్కలు పరిచి, ఇది సంత, ఇది కమ్మరం, ఇది గ్రామం అని ఒక్కొక్కటీ చూపించారు. సంతకం అయింది. ఆయనకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం.

పాత ముక్కల సంగతి

డొనాల్డ్ ఎక్స్. వాకరినో చేసిన ఈ ఆట 2008లో వచ్చింది, 2009లో జర్మనీ వారి స్పీల్ డెస్ యారెస్ (ఏటి మేటి ఆట) బహుమతి గెలిచింది. 2016లో రెండో ఎడిషన్ వేసినప్పుడు మూల పెట్టెలోంచి ఆరు రకాలు తీసేశారు: ఛాన్సలర్, వుడ్‌కట్టర్, ఫీస్ట్, స్పై, థీఫ్, అడ్వెంచరర్. వాటి స్థానంలో ఏడు కొత్తవి చేర్చారు. ఇంట్రీగ్ అనే అనుబంధ పెట్టెలోనూ అదే ఏడాది ఆరు పోయాయి. 2022లో మరో రెండు అనుబంధ పెట్టెల్లో, సీసైడ్‌లో ఎనిమిది, ప్రాస్పెరిటీలో తొమ్మిది పోయాయి. మన పిల్లలు ఈ ఏడాది తయారు చేసిన తెలుగు వివరణ పత్రంలో మూల పెట్టె ఆరింటికి దివాను, కట్టెలవాడు, విందు, వేగు, దొంగ, సాహసి అని పేర్లు పెట్టారు. ఇకపై నేనూ అవే వాడతాను.

మన సంఘం పెట్టె మొదటి ఎడిషన్‌ది. కొత్త ఏడు రకాలు తర్వాత అప్‌డేట్ ప్యాక్‌తో తెచ్చుకున్నాం. అందుకే మన దగ్గర రెండూ ఉన్నాయి. ఇవాళ దుకాణంలో కొత్త పెట్టె కొన్నవాళ్లకు దివాను గానీ దొంగ గానీ అందులో కనపడవు.

తీసేయాలన్న సభ్యుల వాదన నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కొత్తగా చేరిన అబ్బాయి తన పెట్టెతో ఇంట్లో నెల రోజులు సాధన చేసి వచ్చి, ఎప్పుడూ చూడని ముక్క చేతిలో ఓడిపోతే అతనికి ఎలా ఉంటుంది? ఇది సరైన ప్రశ్నే. ఆలస్యం మాటా నిజమే. నలుగురు ఆడుతున్నప్పుడు ఒక్క వేగు వేస్తే నలుగురి పేకల పైముక్కలూ తిప్పి చూడాలి, ఒక్కోదాన్ని ఉంచాలా పారేయాలా అని వేసినవాళ్లే తేల్చాలి. ఒకే వంతులో మూడు వేగులు పడితే పన్నెండు తీర్పులు. తొమ్మిదింటికి హాలు తాళం వేసే మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే ఆ మూడో వేగు ఎవరికీ నచ్చదు. ఇంట్రీగ్‌లోంచి తీసేసిన శాబొటూర్ సంగతి ఇంకా గట్టిది. అవతలివాళ్లు కష్టపడి కొన్న ఖరీదైన ముక్కను ఆటలోంచే తీయించి చెత్తలో వేయించి, కావాలంటే దానికంటే కనీసం రెండు నాణేలు తక్కువ ఖరీదుది తీసుకోమంటుంది. జులైలో మన బల్ల దగ్గర తొమ్మిదేళ్ల బాబు దాని దెబ్బకు ఏడుస్తూ లేచిపోయాడు. ఆ రోజు నాకూ మనసు బాగోలేదు.

అయినా ఉంచాలనే అంటాను, ఎందుకంటే కొత్త ముక్కల్లో కొన్ని పాతవాటికి జవాబుగా వచ్చినట్టుంటాయి. దొంగను చూడనివాళ్లకు కొత్త ఏడింటిలోని బాండిట్ ఎందుకు అలా ఉందో సగమే అర్థమవుతుంది. దొంగ అవతలివాళ్ల పేకలో పై రెండు ముక్కలు తిప్పి, డబ్బు ముక్క ఉంటే ఎత్తుకుపోతుంది. తీరా ఎత్తుకుపోయేది చాలాసార్లు రాగినాణెం, డబ్బు ముక్కల్లో అన్నిటికంటే తక్కువ విలువది. అంటే మన ఇంట్లో చెత్త ఊడ్చి పట్టుకుపోయిన దొంగ అన్నమాట. పోగొట్టుకున్నవాడి పేక పలచబడి, మంచి ముక్కలు త్వరగా చేతికొచ్చి, అతనికే లాభం. బాండిట్ రాగిని ముట్టుకోదు, పైగా వేసినవాడికి ఒక బంగారం ఇస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆడించిన రోజున, పేక పలచబడటం ఎంత మేలో కొత్త సభ్యులు ఒక్క గంటలో పట్టేశారు. అదే సంగతి మాటల్లో చెప్పడానికి నేను ఎన్ని ఆదివారాలు ప్రయత్నించానో!

దివాను కూడా అంతే. రెండు నాణేలిచ్చి, కావాలంటే మిగిలిన పేకంతా పారేసిన ముక్కల్లో (కొత్తగా కొన్నవీ అక్కడే పడతాయి) కలిపేయనిస్తుంది. చూడటానికి పసలేని ముక్క. ఇప్పుడు కొన్న ముక్క చేతికి ఎప్పుడొస్తుంది, పేక మళ్లీ ఎప్పుడు కలుపుతాం అన్న లెక్క మాత్రం దానితోనే ఒంటబడుతుంది. ఇక సంఖ్య చూడండి. రెండో ఎడిషన్‌లోని 26 రకాల్లోంచి ఒక్కో ఆటకు పది చొప్పున ఎంచుకుంటే 53,11,735 రకాల బల్లలు పరచవచ్చు. పాత ఆరూ కలిపితే 6,45,12,240. ఆరే ఆరు రకాలతో పన్నెండు రెట్లు! బలహీనమైన ముక్క కూడా బల్ల మీద ఉంటే మిగతావాటి విలువ మారుతుంది. ఒకే వంతులో రెండోది కూడా కొననిచ్చే వేరే ముక్క ఏదీ లేని బల్ల మీద కట్టెలవాడే రాజు.

కంప్యూటర్‌లో ఆడే కార్డుల ఆట హార్త్‌స్టోన్ వాళ్లే 2016లో పాత ముక్కలను స్టాండర్డ్ అనే ఆట పద్ధతి నుంచి తప్పించారు కదా, మనకెందుకు పట్టుదల అని కార్యవర్గంలో ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, తప్పించారు. కానీ వాటిని ఆడుకోవడానికి వైల్డ్ అని వేరే చోటు ఉంచారు. నేను అడుగుతున్నదీ ఆ వేరే చోటే.

నాలుగు సమావేశాల తర్వాత కార్యవర్గం ఒక మాటకు వచ్చింది. మొదటి మూడు నెలలు కొత్త సభ్యులకు రెండో ఎడిషన్ ముక్కలతోనే ఆట. ప్రతి నెలా చివరి ఆదివారం ఒక బల్ల పాత ముక్కలకు. పోటీల్లో పాతవి పెడితే వారం ముందే జాబితా, తెలుగు వివరణ అందరికీ పంపాలి. పిల్లలున్న బల్ల మీద శాబొటూర్ వద్దు. ఇంట్రీగ్ పాత ముక్కల్లో స్కౌట్‌ను ఎవరూ కొనరు, దాన్నయినా వదిలేద్దాం అని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ తీర్మానం సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదానికి వస్తుంది. దయచేసి వచ్చి చెయ్యెత్తండి, వ్యతిరేకించేవాళ్లు కూడా.

ఉగాది నాటి ఆటలు

2025 మార్చి 30, ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. పొద్దున పచ్చడి, పంచాంగం అయ్యాక ఆటలు మొదలుపెట్టాం. మన కన్నడ మిత్రుడు మైసూరు గంజీఫా అనే పాతకాలపు పేకముక్కలు తెచ్చి ప్రదర్శనకు పెట్టారు. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది వర్గాలు, ఒక్కో వర్గంలో 12 చొప్పున మొత్తం 120 గుండ్రటి ముక్కలు. పిల్లలు వాటి చుట్టూ మూగి కదల్లేదు. ఆ ఆట ఆడేవాళ్లు ఇప్పుడు ఎంత తక్కువో ఆయన చెబుతుంటే నాకు మన అలమారే గుర్తొచ్చింది.

ఫైనల్ బల్ల మీద పాతవి రెండు ఉన్నాయి: విందు, కట్టెలవాడు. జాబితా వారం ముందే పంపాం. మారతహళ్లి నుంచి వచ్చే పన్నెండేళ్ల అమ్మాయి చేతికి థ్రోన్ రూమ్, విందు ఒకేసారి వచ్చాయి. థ్రోన్ రూమ్ ఇంకో ముక్కను రెండుసార్లు పనిచేయిస్తుంది, విందు తను చెత్తలోకి పోయి ఐదు నాణేల దాకా ఖరీదున్న ముక్క ఒకటి ఇస్తుంది. థ్రోన్ రూమ్ కింద విందు వేసి, రెండు లాబొరేటరీలు తీసుకుంది. విందు ఒక్కసారే చెత్తలోకి పోయింది కదా, రెండు ముక్కలెలా తీసుకుంటావమ్మా అని రైల్వేలో పనిచేసి రిటైరైన తాతగారు ఆపారు. అమ్మాయి తడుముకోకుండా, పాత రూల్ పుస్తకంలో ఉంది తాతగారూ అంది. తీసి చూశాం. విందును చెత్తలో వేసేది ఒక్కసారే అయినా రెండు ముక్కలు వస్తాయని స్పష్టంగా ఉంది. హాలంతా చప్పట్లు. పాత ముక్కలతో పాటు ఆ పాత పుస్తకం కూడా ఎందుకు దాచాలో నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆట అక్కడితో అయిపోలేదు. ఎక్కువ పాయింట్లిచ్చే ప్రావిన్స్ ముక్కల్లో చివరిది (అది అయిపోతే ఆట ముగిసినట్టే) మిగిలి ఉండగా తాతగారి వంతు వచ్చింది. చేతిలో ఎనిమిది నాణేలకు సరిపడా డబ్బు, ఒక కట్టెలవాడు. కట్టెలవాడు ఇచ్చిన రెండు నాణేలతో పది అయ్యాయి, ఇంకో కొనుగోలు వచ్చింది. ప్రావిన్స్ కొని, మిగిలిన రెండు నాణేలతో ఒక పాయింటిచ్చే ఎస్టేట్ కూడా కొన్నారు. లెక్కేస్తే ఒక్క పాయింటుతో గెలిచారు. ఆ ఒక్క పాయింటూ ఆ ఎస్టేట్‌దే. ఆయన లేచి ముందు ఆ అమ్మాయి చేతికి బహుమతి ఇచ్చి, తర్వాత తను తీసుకున్నారు. ఈ సంఘంలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను, ఇంత సంతోషంగా ఇంటికి వెళ్లిన రోజు ఇంకోటి లేదు.

పులిహోర, బొబ్బట్లు చేసి తెచ్చిన బీటీఎం లేఅవుట్ అక్కలకు, కుర్చీలు మోసిన కాలేజీ పిల్లలకు, బహుమతులు ఇచ్చిన పేరు చెప్పొద్దన్న సభ్యుడికి, తెలుగు వివరణ పత్రం రాసిన ఏడుగురు పిల్లలకు, దాంట్లో అక్షరదోషాలు దిద్దిన మాస్టారికి, ఫోటోలు తీసిన దంపతులకు, ఆ రోజు పండగ ఇంట్లో వదిలి వచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

లెక్కలు

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు జతచేశారు. స్లీవులకు (ముక్కలకు తొడిగే కవర్లకు) అనుకున్నదానికంటే ఎక్కువైంది, హాలు అద్దెకు తక్కువైంది. అప్పులేమీ లేవు. సందేహాలుంటే సమావేశంలో ఆయన్ని అడగండి. చందా కట్టనివాళ్లు ఆ రోజైనా కట్టండి.

ముక్కల లెక్కింపు

ఈ మాట రాయక తప్పదు. ఫిబ్రవరిలో ముక్కలన్నీ లెక్కపెట్టి కొత్త స్లీవులు తొడుగుదాం అంటే వాట్సాప్‌లో పద్నాలుగు మంది వస్తామన్నారు. వచ్చింది నాతో కలిపి నలుగురు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నాం. పాత ముక్కలు ఉండాలా వద్దా అని గంటలు గంటలు వాదించినవాళ్లలో ఇటువైపు వాళ్లూ అటువైపు వాళ్లూ కూడా ఆ రోజు కనపడలేదు. వానాకాలంలో తడిసి అంచులు ఉబ్బిన ముక్కలను ఒక్కొక్కటిగా తుడిచిన ఆ ముగ్గురు సోదరీమణులకు నేను ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

మూల పెట్టె, ఇంట్రీగ్ రెండింటిలో తీసేసిన రకాలు కలిపి మన దగ్గర 122 ముక్కలు ఉండాలి. ఇంట్రీగ్‌లోని గ్రేట్ హాల్ పన్నెండు, మిగతా పదకొండు రకాలు పదేసి. 121 దొరికాయి. వేగులు తొమ్మిదే ఉన్నాయి. కొత్త ముక్క పోతే కొత్త పెట్టె కొనుక్కోవచ్చు, వేగు అందులో రాదు. జనవరిలో ఇంటికి తీసుకెళ్లిన పెట్టెలు, బ్యాగుల అరలు, పిల్లల పుస్తకాల మధ్య పేజీలు అందరూ ఒకసారి చూడండి. ఎవరికి దొరికినా ఏమీ అడగం. సమావేశం రోజు గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో వేస్తే చాలు.

ఇట్లు,
కార్యదర్శి